నలభై రెండులోంచి పదిహేడు



నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో పని చేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మూడో తరగతి పిల్లలకి బోర్డు మీద ఒక తీసివేత ఇచ్చాను. 42లోంచి 17 పోతే ఎంత? కిరాణా కొట్టు వాళ్ళ పాప ఒకతి పలక మీద 25 అని రాసి చూపించింది. అంకె ఒక్కటే ఉంది. పైన కొట్టివేతల్లేవు, పక్క అంకె దగ్గర అప్పు తెచ్చిన గుర్తు లేదు. ఎలా చేశావమ్మా అని అడిగాను. "పదిహేడుకి మూడు వేస్తే ఇరవై సార్. ఇంకో ఇరవై వేస్తే నలభై. ఆపైన రెండు. మొత్తం ఇరవై ఐదు" అంది. అలా కాదు, పద్ధతి ప్రకారం చెయ్యి అని పలక మీద ఇంటూ పెట్టాను.

పక్కనే కూర్చున్న పిల్లాడు పద్ధతి ప్రకారమే చేశాడు. ఒకదాని కింద ఒకటి నిలువుగా రాశాడు, గీత గీశాడు. ఏడులోంచి రెండు పోతే ఐదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు, జవాబు 35. ఆ పలక మీదా ఇంటూ పెట్టాను. లెక్క తెలిసిన పాపకీ, తెలియని పిల్లాడికీ ఆ రోజు నా దగ్గర దక్కింది ఒకే గుర్తు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక కొట్లో చిల్లర తీసుకుంటుంటే నాకు తట్టింది. కొట్టు ఆయన యాభై నోటు తీసుకుని, "ముప్పై ఏడు... ముప్పై ఎనిమిది, తొమ్మిది, నలభై, ఇదిగో యాభై" అంటూ నా చేతిలో పదమూడు రూపాయలు పెట్టాడు. ఆ పాప చేసింది అచ్చంగా ఇదే. నాన్న పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చుని నేర్చుకున్న తీసివేత అది. చక్కటి లెక్క. నేను దాన్ని తప్పన్నాను. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

చిన్న తరగతుల్లో పిల్లలు ఏ లెక్కలు నేర్చుకోవాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆ రెండు పలకలే కళ్ళ ముందు కనిపిస్తాయి. బడికి రాకముందే పిల్లల దగ్గర కొంత లెక్క ఉంటుంది. బడి దాన్ని చూడాలి, దాని మీద కాగితం లెక్కని కట్టాలి. ఇవాళ మీతో నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే.

నాకు ఎదురైన ఈ సంగతి పరిశోధకులు ఎప్పుడో గమనించారు. బ్రెజిల్ దేశంలో రెసిఫీ అని ఒక నగరం ఉంది. అక్కడ టెరెజిన్యా నూన్స్, డేవిడ్ కరాహర్, అనలూసియా ష్లీమన్ అనే ముగ్గురు, వీధుల్లో సరుకులు అమ్మే ఐదుగురు పిల్లల దగ్గరికి కొనుగోలుదారుల్లా వెళ్ళారు. కొబ్బరికాయ ఎంత అని అడిగితే పన్నెండేళ్ళ కుర్రాడు 35 క్రుజేరోలు అన్నాడు. పదికాయలు కావాలి, ఎంతవుతుంది? కుర్రాడు కాస్త ఆగాడు. మూడు కాయలు నూట ఐదు, ఇంకో మూడు వేస్తే రెండు వందల పది, ఇంకా నాలుగు కావాలి... మూడు వందల పదిహేను... మూడు వందల యాభై అన్నాడు. పదితో గుణిస్తే పక్కన సున్నా పెట్టాలని బళ్ళో చెప్పిన సూత్రం ఆ పిల్లాడికి అక్కరకు రాలేదు. తనకు తెలిసిన మూడు కాయల ధర మీంచి మెట్లెక్కి పైకి వెళ్ళాడు. బజారులో ఈ పిల్లలు చేసిన లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది సరైనవే. ఆ లెక్కలనే తర్వాత కాగితం మీద కూడికలుగా, గుణకారాలుగా రాసిస్తే సరైనవి నూటికి ముప్పై ఏడుకి పడిపోయాయి. 1985లో ఈ పరిశోధన అచ్చయింది.

మన దేశం సంగతీ తెలిసింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ తోటి పరిశోధకులతో కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పద్నాలుగు వందల మందికి పైగా పిల్లలను పరిశీలించారు. 2025లో నేచర్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. కిలో ఇంత అయితే ఎనిమిది వందల గ్రాములు ఎంత, రెండు సరుకులు కలిపి ఎంత, ఇచ్చిన నోటుకి చిల్లర ఎంత, ఇవన్నీ ఆ పిల్లలు నోటితో చెప్పేశారు. బడి పుస్తకంలోని మామూలు తీసివేత, భాగహారం ఇస్తే చాలామంది తడబడ్డారు. ఇక బజారులో పని చేయని, బడికి వెళ్ళే పిల్లలది దీనికి తలకిందులు. పుస్తకంలోని లెక్క చేయగలిగారు, బజారు లెక్క వచ్చేసరికి కాగితం, పెన్సిలు వెతుక్కుని, చాలామంది తప్పారు. అంటే రెండు వైపులా సగం సగం చదువే ఉంది. మధ్యన వంతెన లేదు. ఆ వంతెన వేయాల్సింది బడే, అదీ ఒకటి నుంచి ఐదో తరగతి లోపలే.

ఈ వంతెనకి మొదటి రాయి తెలుగు పిల్లల నోట్లోనే ఉంది. మన సంఖ్యల పేర్లు ఒక్కసారి నెమ్మదిగా పలికి చూడండి. పదమూడు. పది, మూడు. పద్నాలుగు. పదిహేను. పదహారు. పదిహేడు. ప్రతిదాంట్లోనూ పది వినిపిస్తోంది కదూ. పన్నెండులో కూడా పది, రెండు కలిసిపోయి ఉన్నాయి. ఇప్పుడు పైకి వెళ్దాం. ఇరవై అంటే పాత తెలుగులో ఇరువది, రెండు పదులు. ముప్పై ముప్పది, మూడు పదులు. నలభై నలువది. అరవై అరువది. అంటే నలభై రెండు అన్నప్పుడే నాలుగు పదులు, రెండు ఒకట్లు అని నోరు చెప్పేస్తోంది. స్థానవిలువ అని మనం పెద్ద పేరు పెట్టి బోర్డు మీద గడులు గీసి చెప్పే పాఠమంతా ఆ మాటలో ఉంది. హిందీ పిల్లలు తొంభై తొమ్మిది దాకా దాదాపు ప్రతి సంఖ్యకీ వేరే పేరు గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లీషులో ఇలెవన్, ట్వెల్వ్ అన్న మాటల్లో పది చెవికి వినిపించదు. థర్టీన్, థర్టీ అన్న రెండింటికీ తేడా తెలియక తికమకపడే చిన్న పిల్లలను నేను ఎంతమందినో చూశాను.

ఇప్పుడు మన బడుల్లో లెక్కలు ఎక్కువగా ఇంగ్లీషు మాధ్యమంలోనే నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తర్వాత, తెలంగాణలో 2022 నుంచి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా అచ్చవుతున్నాయి. ఏ మాధ్యమం మంచిదన్న వాదనలోకి నేను ఇప్పుడు వెళ్ళను. ఒకటో తరగతి పిల్లల తల్లిదండ్రులను మాత్రం ఒకటి బతిమాలుకుంటున్నాను. బడిలో ఫార్టీ టూ అననివ్వండి, ఇంట్లో నలభై రెండు అని కూడా అనిపించండి. నలభై రెండులో ఎన్ని పదులున్నాయి అని అడగండి. ఎదురు పేజీ ఊరికే వదిలేయకండి.

ఆ తర్వాత పుల్లలు. చీపురు పుల్లలైనా సరే, ఐస్‌క్రీం పుల్లలైనా సరే. పదేసి పుల్లలు రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. నలభై రెండు అంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇందులోంచి పదిహేడు ఇవ్వాలి. ఒక కట్ట తేలిగ్గా ఇచ్చేస్తాం. ఏడు విడి పుల్లలు ఇవ్వాలంటే మన దగ్గర రెండే ఉన్నాయి. ఏం చేస్తాం? ఏ పిల్లనైనా అడగండి, కట్ట విప్పుదాం అంటుంది. మనం బళ్ళో దీనికి అప్పు తెచ్చుకోవడం అని పేరు పెట్టాం. ఒక ఏడు రెండో తరగతి పిల్లాడు నన్ను అడిగాడు, "అప్పు తెచ్చుకున్నాం కదా సార్, తిరిగి ఎప్పుడిస్తాం?" అని. ఆ రోజు నుంచి నా తరగతిలో అప్పు అన్న మాట మానేశాను. కట్ట విప్పడం అనే అన్నాను. పది రూపాయల నోటు చిల్లర మార్చడం అన్నా సరిపోతుంది. కట్ట విప్పిన పిల్లలు ఏడులోంచి రెండు తీసి 35 అని రాయడం నేను చాలా తక్కువగా చూశాను. చేతిలో పుల్లలు ఉన్నప్పుడు ఆ తప్పు చేయడానికి దారే ఉండదు.

ఇంత చిన్న విషయానికి ఇంతసేపు ఎందుకని మీకు అనిపించవచ్చు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెటూళ్ళలో ఇంటింటికీ వెళ్ళి అసర్ అనే సర్వే చేస్తోంది. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించే లెక్క ఒకటి అందులో ఉంటుంది. 2024లో దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి చదివే పిల్లల్లో ఆ లెక్క చేయగలిగినవాళ్ళు నూటికి ముప్పై ఒక్కరి లోపే. భాగహారం రాకపోవడానికి కారణం భాగహారంలో వెతుకుతాం. అది చాలాసార్లు మూడేళ్ళ వెనక, విప్పని ఆ పుల్లల కట్టలో ఉంటుంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకీ చదవడం, సంఖ్యలు అర్థం కావడం రావాలని 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. మూడో తరగతిని గురిగా పెట్టుకోవడం నాకు ఎంతో నచ్చింది.

ఎక్కాల మాట చెప్పకపోతే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. రెండొకట్ల రెండు, రెండు రెళ్ళ నాలుగు, రెండు మూళ్ళ ఆరు అని అరుగుల మీద కూర్చుని పాడిన తరం నాది. ఎక్కాలు నోటికి రావాలి. అందులో నాకు రెండో మాట లేదు. ఏడెనిమిదులు ఎంత అని ప్రతిసారీ వేళ్ళు లెక్కపెట్టే పిల్లాడికి అసలు లెక్క గురించి ఆలోచించే తీరిక దొరకదు. అయితే పిల్లలను భయపెట్టేంత పెద్ద మూట కాదు అది. ఒకటి నుంచి పది దాకా పది ఎక్కాల్లో వంద జవాబులున్నాయి. మూడు నాలుగులూ నాలుగు మూళ్ళూ ఒకటే అని తెలిస్తే వంద కాస్తా యాభై ఐదు అవుతాయి. ఒకటి, పది ఎక్కాలు ఎవరికైనా వచ్చు, అవి తీసేస్తే ముప్పై ఆరు. రెండు, ఐదు ఎక్కాలు పాటలా వచ్చేస్తాయి, అవీ తీసేస్తే మిగిలేవి ఇరవై ఒకటి. ఇరవై ఒక్క జవాబులు. వాటిలోనూ ఏడేళ్ళు నలభై తొమ్మిది తెలిస్తే ఇంకో ఏడు వేసుకుని ఏడెనిమిదులు యాభై ఆరు అని పట్టుకోవచ్చు. ఇలా మరిచిపోయినా మళ్ళీ కట్టుకోగలిగిన ఎక్కమే పిల్లలకి అసలైన ఆస్తి.

భిన్నాల దగ్గర పిల్లలు ఎందుకు జారిపోతారో చూద్దాం. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అంటే చాలామంది ఎనిమిదో వంతు అంటారు. ఎనిమిది పెద్ద అంకె మరి. కాగితం మీద కింద ఉన్న అంకెని చూసి చెప్పే జవాబు అది. అదే పిల్లని వంటింట్లోకి తీసుకెళ్ళి, ఈ అట్టు నలుగురికి పంచితే నీకు ఎక్కువ వస్తుందా, ఎనిమిది మందికి పంచితేనా అని అడగండి. ఆ పిల్ల మీ వైపు జాలిగా చూస్తుంది. అర, పావు, ముప్పావు అన్నవి మన ఇళ్ళలో రోజూ నలిగే మాటలు. పావుకిలో వంకాయలు, అరలీటరు పాలు, పావు తక్కువ తొమ్మిది. మా అమ్మమ్మ కాలంలో పావు కింద పరక ఉండేది, అంటే ఎనిమిదో వంతు. దాని కింద వీసం, పదహారో వంతు. ఈ రోజు వీసం అంటే ఎంతో తెలియకపోయినా వీసమెత్తు కూడా లేదు అంటూనే ఉన్నాం. అప్పటి తెలుగు లెక్కల్లో నాలుగో వంతు, అందులో నాలుగో వంతు చొప్పున దిగే భిన్నాలకు విడిగా గుర్తులే ఉండేవి.

కొలతపాత్రలూ అంతే. మా వైపు నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. మరి కుంచానికి ఎన్ని గిద్దలు? అరవై నాలుగు. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు పైసలు. అన్నీ సగం, సగంలో సగం. ఈ పాత కొలతలను మళ్ళీ పరీక్షల్లో పెట్టమని నేను అనడం లేదు. సగం చేయడం, రెట్టింపు చేయడం ఆ రోజుల్లో పిల్లల చేతులకి ఎలా అలవాటయిందో చెబుతున్నాను. ఇంట్లో తాతమ్మ దగ్గర పాత సోల ఉంటే అటక మీంచి దించి, పిల్లల చేత నీళ్ళు పోయించి చూడండి.

పొడవు కొలవడం మొదటిరోజే స్కేలుతో మొదలుపెట్టకూడదని నా నమ్మకం. నేను పిల్లల చేత తరగతి గదిని జానలతో కొలిపించేవాణ్ణి. ఒకరికి యాభై నాలుగు, ఒకరికి అరవై, నాకేమో ముప్పై తొమ్మిది. గదేమన్నా పెరిగిందా అని అడిగితే నవ్వేవాళ్ళు. పూలమ్మే ఆవిడ మూరకీ మీ అమ్మ మూరకీ తేడా ఉంటే ఏమవుతుందని అడిగితే, ఒక పాప "పొడుగు చెయ్యి ఆవిడ దగ్గరే కొనాలి సార్" అంది. అందరికీ ఒకే మూర ఉండాలన్న అవసరం పిల్లలకి అక్కడ పుట్టింది. ఆ తర్వాత స్కేలు ఇచ్చాను. అప్పటికి ఆ స్కేలు వాళ్ళు అడిగి తెచ్చుకున్న వస్తువయింది.

ఇంకొకటి నన్ను బాగా బాధపెట్టే విషయం. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నగరంలో రెండు, మూడు తరగతుల పిల్లలకి ఒక ప్రశ్న ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? తొంభై ఏడు మందిలో డెబ్బై ఆరు మంది ఆ అంకెలతోనే ఏదో ఒక లెక్క చేసి వయసు చెప్పేశారు. నేను దీన్ని మార్చి, బండిలో పద్దెనిమిది కొబ్బరిబోండాలు, ఆరు గెలలు ఉన్నాయి, బండి తోలే తాత వయసెంత అని మా బళ్ళో అడిగాను. ఇరవై నాలుగు అని చేతులు లేచాయి. ఒక్క పిల్ల మాత్రం, "తాతకి ఇరవై నాలుగేళ్ళేంటి సార్?" అంది. ఆ పిల్లకి లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులు రాలేదు. మొత్తం అన్న మాట కనిపిస్తే కూడడం, మిగిలినవి అంటే తీసేయడం అని మనం కిటుకులు నేర్పుతాం. ఆ కిటుకులే పిల్లల చేత చదవడం మాన్పిస్తాయి. ప్రశ్నలో అర్థం ఉందా, వచ్చిన జవాబు ఈ లోకంలో కుదురుతుందా అని అడిగే అలవాటు ఐదో తరగతి లోపు పడకపోతే తర్వాత పడడం చాలా కష్టం. అందుకే ఉజ్జాయింపు రోజూ ఉండాలి. లెక్క చేసే ముందే సుమారుగా ఎంత వస్తుందో చెప్పించాలి. నూటికి దగ్గరా, వెయ్యికి దగ్గరా? వామనగుంటల్లో పెద్ద గుంటలోని చింతపిక్కలు ఎక్కడి దాకా వస్తాయో కంటిచూపుతో పసిగట్టే పిల్లలకి ఇది కొత్త విద్య కాదు.

మరి ఇన్నిటికీ బళ్ళో సమయం ఎక్కడిది అంటారు ఉపాధ్యాయ మిత్రులు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఐదు అంకెలని మూడు అంకెలతో గుణించే పొడవాటి లెక్కలు పేజీల కొద్దీ చేయించడం తగ్గించవచ్చు. క.సా.గు., గ.సా.భా. కోసం ఐదో తరగతిలో అంత తొందర అక్కర్లేదు, ఏడాది ఆగితే అవి ఎక్కడికీ పోవు. మిగిలిన సమయంలో పిల్లలని మాట్లాడించాలి. ఎలా చేశావు అని సరైన జవాబు చెప్పిన పిల్లనీ అడగాలి, తప్పు చెప్పిన పిల్లాడినీ అడగాలి. ఆ ప్రశ్న నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అడిగాను కానీ, జవాబు వినలేదు.

తెలుగులో లెక్కలు కొత్తగా పుట్టిన చదువు కాదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్క మన భాషలో మాట్లాడగలదని ఆయన దాదాపు వెయ్యేళ్ళ కిందటే నమ్మాడు. అక్షరం రాని మన ఆడవాళ్ళు వాకిట్లో దాన్ని రాస్తూనే ఉన్నారు. నేను ముగ్గుల గురించి చెబుతున్నాను.

మూడు చుక్కలు, రెండు వరకు సందు చుక్క. అంటే మధ్య వరుసలో మూడు, పైన రెండు, కింద రెండు. మొత్తం ఏడు చుక్కలు. ఐదు చుక్కలు, మూడు వరకు సందు చుక్క. మూడు, నాలుగు, ఐదు, నాలుగు, మూడు. మొత్తం పందొమ్మిది. ఏడు చుక్కలు, నాలుగు వరకు అయితే ముప్పై ఏడు. నాలుగో తరగతి పిల్లల చేత ఈ మూడు ముగ్గులు వేయించి, ఏడు, పందొమ్మిది, ముప్పై ఏడు అని బోర్డు మీద రాశాను. ఏం కనిపిస్తోంది అని అడిగి ఊరుకున్నాను. తరగతి చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. చివరికి వెనక వరుసలోంచి ఒక పాప లేచింది. ఏడు నుంచి పందొమ్మిదికి పన్నెండు, పందొమ్మిది నుంచి ముప్పై ఏడుకి పద్దెనిమిది, రెండూ ఆరో ఎక్కంలోవే అంది. మరి ఏడుకి ముందు? మధ్యలో ఒకే చుక్క, దాని చుట్టూ ఆరు. ఒకటి, దానికి ఆరు, దానికి పన్నెండు, దానికి పద్దెనిమిది. పిల్లలు లేచి వచ్చి ముగ్గు చుట్టూ మూగారు. మధ్య చుక్క చుట్టూ ఒక వలయం, దాని చుట్టూ ఇంకో వలయం చేతులతో చూపించుకున్నారు. ఎక్కం వాళ్ళకి ఆ రోజు నేల మీద కనిపించింది.

ఎదురు చుక్కలతో వేరే కథ నడుస్తుంది. ఒకటి, మూడు, ఐదు, ఏడు, మళ్ళీ ఐదు, మూడు, ఒకటి. కూడితే ఇరవై ఐదు. పై సగం పదహారు, కింది సగం తొమ్మిది. నాలుగు నాలుగులు, మూడు మూళ్ళు. ఇది ఎందుకలా వస్తుందో ఇవాళ నేను విప్పి చెప్పను. ఇంట్లో ముగ్గుపిండి, పక్కన నాలుగో తరగతి పిల్ల ఉంటే మీరే చూస్తారు.

రేపు పొద్దున్న వాకిలి చిమ్మాక ఆ పిల్లని పిలవండి. తొమ్మిది చుక్కలు, ఐదు వరకు సందు చుక్క పెట్టమనండి. పెట్టకముందే అడగండి, మొత్తం ఎన్ని చుక్కలు పడతాయి, ఎలా చెప్పగలిగావు అని.